గెలిచిన ముఖాలను గాజు పలకపై నిలిపిన రాజా దీన్‌దయాళ్

కొడిమ్యాల: బడి మైదానంలో కబడ్డీ పోటీ జరిగితే ఇప్పుడు చుట్టూ నిలబడ్డ వారిలో చాలామంది చేతుల్లో సెల్‌ఫోన్లు కనిపిస్తాయి. కూతకు వెళ్లిన కుర్రవాడు పట్టు విడిపించుకుని గీత అందుకోగానే వాడి ముఖంలో వచ్చే వెలుగు, పట్టు జారిన వాళ్ల ముఖాల్లో దిగే నీరసం కన్ను మూసి తెరిచేలోగా ఫొటోలో పడిపోతాయి. నూట ముప్పై, నూట నలభై ఏళ్ల కిందట ఇది అయ్యే పని కాదు. కెమెరా ముందు మనిషి కదిలితే ఫొటోలో మనిషికి బదులు పొగలాంటి చార మిగిలేది. అటువంటి రోజుల్లో నిజాం రాజ్యంలో పోలో ఆడేవారిని, పులి వేటగాళ్లను, కవాతు చేసే సిపాయిలను గాజు పలకల మీద నిలిపి, దేశ విదేశాల్లో పేరు తెచ్చుకున్నవారు రాజా దీన్‌దయాళ్.

ఆయన్ని ఆటల ఫొటోగ్రాఫర్ అని ఎవరూ పిలవలేదు. అసలు అటువంటి వృత్తే అప్పుడు లేదు. కానీ ఆటలో, వేటలో గెలిచిన మనిషి ఎలా ఉంటాడో ఈ ప్రాంతంలో మొదట ఫొటోల్లో చూపించిన వారిలో ఆయనే ముఖ్యులు. ఆ గెలుపు వెనక పరుగెత్తినవారు ఆ ఫొటోల్లో ఎంత వరకు ఉన్నారన్నది వేరే సంగతి. అదీ చెప్పుకోవలసిందే.

నక్షాలు గీసే ఉద్యోగి

దీన్‌దయాళ్ తెలుగువారు కారు. ఉత్తరాదిన మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1866లో ఇండోర్‌లో మరమ్మతు శాఖలో అంచనాలు వేసే, నక్షాలు గీసే ఉద్యోగానికి కుదిరారు. ముప్పై ఏళ్ల వయసులో కెమెరా పట్టారు. గీతలో కొలత తప్పితే కట్టడం కూలుతుందని నేర్చిన చెయ్యి కదా, ఆ లెక్క ఆయన ఫొటోల్లోనూ కనిపిస్తుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎండ ఏ పక్క నుంచి పడాలి అన్నది ఆయన ముందే తేల్చుకునేవారు.

ఇండోర్ మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్ ఆయన్ని ఆదరించారు. అక్కడి ఇంగ్లీషు అధికారి సర్ హెన్రీ డేలీ కూడా అండగా నిలిచారు. 1875-76లో ఇంగ్లండు యువరాజు భారతదేశానికి వచ్చినప్పుడు ఆ పర్యటనను ఫొటోలు తీసే అవకాశం దొరికింది. తర్వాత సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్య భారతం తిరిగి పాత గుడులు, కోటలు తీశారు. వాటిలో 86 ఫొటోలతో 1886లో పుస్తకం వచ్చింది. రాతి గోడ కదలదు. ఎంతసేపైనా కెమెరా ముందు నిలబడుతుంది. ఆ పని ఆయనకు బాగా అచ్చివచ్చింది. మనిషితోనే అసలు చిక్కు.

తడి పలక తంటా

ఆనాటి ఫొటో పని తెలిస్తేనే ఆయన చేసినది ఎంత గొప్పో తెలుస్తుంది. మొదట్లో వాడుకలో ఉన్నది తడి పలక పద్ధతి. గాజు పలకను శుభ్రంగా తుడిచి, దానికి కొలోడియన్ అనే జిగురు మందు పూసి, చీకట్లో వెండి ఉప్పు కలిపిన నీళ్లలో ముంచాలి. పలక తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి. పది పదిహేను నిమిషాల్లో మళ్లీ చీకటి గుడారంలోకి పరుగెత్తి కడగాలి. పలక ఆరిపోయిందంటే అంతే సంగతులు. ఎండాకాలంలో ఈ దక్కన్ వేడికి పలక ఎంతసేపు తడిగా ఉంటుందో రైతులకు వేరే చెప్పనక్కరలేదు.

ఫొటోగ్రాఫర్ బయటి ఊరికి పోవాలంటే ఒక్క కెమెరాతో పోయేది కాదు. పెద్ద కర్ర పెట్టె, మూడు కాళ్ల స్టాండు, గాజు పలకల పెట్టెలు, మందు సీసాలు, గుడారం, కడగడానికి మంచినీళ్లు అన్నీ బండ్ల మీద వెళ్లాలి. సామాను మోయడానికి మనుషులు కావాలి. దారిలో బండి కుదుపుకు గాజు పగిలితే వారం రోజుల పని మట్టిపాలు.

ఇక ఫొటో దిగేవారి సంగతి. మూత తీసి, లెక్కబెట్టి, మళ్లీ మూత పెట్టే వరకు ఊపిరి బిగబట్టాలి. స్టూడియోల్లో తల కదలకుండా వెనక ఇనుప కొయ్య పెట్టేవారు. ముందు నుంచి చూస్తే అది కనిపించదు. అంతసేపు ఎవరు నవ్వగలరు? నవ్వు మొదలైన చోట నిలబడదు. అందుకే తాతల నాటి ఫొటోల్లో అందరూ కోపంగా ఉన్నట్లు కనిపిస్తారు. వాళ్లకు కోపం లేదు, కదలకూడదన్న భయమే ఉంది.

1880 ప్రాంతంలో జెలటిన్ పూసిన పొడి పలకలు బజారులోకి వచ్చాయి. వీటిని ముందే తయారు చేసి పెట్టుకోవచ్చు, తీశాక తీరికగా కడగవచ్చు. వెలుతురు బాగుంటే సెకనులో చిన్న భాగం చాలు. దీన్‌దయాళ్ వృత్తి పుంజుకున్నది సరిగ్గా ఈ మార్పు వచ్చిన కాలంలోనే. ఇక నెగటివ్ నుంచి ఫొటో వేయడానికి వాడేది కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం. దాన్ని పలక కింద పెట్టి ఎండలో ఉంచితే బొమ్మ తేలేది. చీమకు హాని చేయకూడదనే జైన కుటుంబంలో పుట్టిన మనిషి వృత్తి అంతా గుడ్డు సొన మీద, జంతువుల ఎముకల నుంచి తీసిన జెలటిన్ మీద నడిచింది. అందులోనూ ఆయనకు పేరు తెచ్చిన వాటిలో పులి వేట ఫొటోలు ముందుంటాయి.

సికిందరాబాదులో స్టూడియో

1880ల నడుమ దీన్‌దయాళ్ హైదరాబాదు చేరారు. సర్కారు కొలువు వదిలి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. 1886లో సికిందరాబాదులో స్టూడియో తెరిచారు. కుమారులు జ్ఞానచంద్, ధరమ్‌చంద్ కూడా ఇదే పనిలో దిగారు. పది సంవత్సరాలకు, 1896లో, బొంబాయిలో మరో స్టూడియో వెలిసింది. 1892లో హైదరాబాదులో పరదా చాటు స్త్రీల కోసం జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతికి అప్పగించారు. లోపల మగవాడి నీడ పడదు కాబట్టి నవాబుల ఇళ్లలోని స్త్రీలు బెదురు లేకుండా కూర్చునేవారు. తీసేవారెవరన్నదాన్ని బట్టి దిగేవారి ముఖం మారుతుందన్న కిటుకును ఆయన వ్యాపారంలోకి తెచ్చారు.

మహబూబ్ అలీఖాన్ పేరు ఈ ప్రాంతంలో పెద్దలకు కొత్త కాదు. ఆయన పేరు తలిస్తే పాము విషం దిగుతుందని జనం నమ్మేవారు. గురి తప్పని వేటగాడు. ముప్పైకి మించి పులులను కొట్టాడని ప్రతీతి. ఈ నిజాం దీన్‌దయాళ్ పనితనాన్ని మెచ్చుకుంటూ ఉర్దూలో రెండు పాదాల కవిత చెప్పారు. రాజా బహదూర్ ముసవ్వర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. ముసవ్వర్ అంటే చిత్రకారుడు, జంగ్ అంటే యుద్ధం. కత్తి పట్టని మనిషికి యుద్ధవీరుడి బిరుదు దక్కిందన్నమాట. అప్పటి నుంచి ఆయన పేరు ముందు రాజా చేరింది.

గుర్రం కాళ్లు, పోలో కర్రలు

ఆ రోజుల్లో హైదరాబాదు, సికిందరాబాదుల్లో పెద్దల ఆట అంటే పోలో. నిజాం సేనాధిపతి అఫ్సరుల్‌ముల్క్ స్వయంగా పేరుపొందిన పోలో ఆటగాడు. దండు మైదానాల్లో ఇంగ్లీషు రెజిమెంట్లు, నిజాం రౌతులు పోటీ పడేవారు. పోలో ఆటగాళ్లను, సిపాయిల విన్యాసాలను దీన్‌దయాళ్ సంస్థ ఫొటోలు తీసింది. అయితే పోలో జట్టు ఫొటో అంటే ఆట నడుస్తుండగా తీసినది కాదు. ఆటగాళ్లు కర్రలు పట్టుకుని వరుసగా కూర్చుని, లేదా నిలబడి ఉంటారు. గుర్రం చెమట, బంతి దెబ్బ, గోలు పడ్డ కేక అవేవీ కనిపించవు. ఉన్నదల్లా అయిపోయిన ఆట తాలూకు హుందాతనం.

కదిలే గుర్రాన్ని పట్టడం అప్పట్లో ప్రపంచంలోనే పెద్ద సవాలు. గుర్రం పరుగెత్తేటప్పుడు నాలుగు కాళ్లూ ఒక్కసారి నేల విడుస్తాయా, విడవవా అని పెద్ద పెద్దవాళ్లు వాదించుకునేవారు. 1878లో అమెరికాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ పరుగు బాట పక్కన 12 కెమెరాలు వరుసగా పెట్టి, బాటకు అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం తగిలినప్పుడల్లా ఒక్కో కెమెరా తెరుచుకుంది. నాలుగు కాళ్లూ గాలిలో ఉన్న క్షణం దొరికింది. తర్వాత ఆయన పరుగెత్తే, దూకే, కుస్తీ పట్టే మనుషులను కూడా అలాగే తీసి 1887లో 781 పలకల గ్రంథం వెలువరించాడు. అందులో కండరం కదలిక ఉంది, కాలు మడత ఉంది. ఆడే మనిషి మనసు మాత్రం అక్కడా దొరకలేదు. అదొక పరీక్షలాంటిది.

మైబ్రిడ్జ్ కదలికను వెదికాడు, దీన్‌దయాళ్ ముఖాన్ని నిలబెట్టారు. రెండూ ఒకే ఫొటోలో కలవడానికి చేతిలో ఇమిడే కెమెరా రావాలి. లైకా కెమెరా బజారుకు వచ్చింది 1925లో. అప్పటికి ఇద్దరూ కాలం చేసి సుమారు ఇరవై ఏళ్లయింది.

ఆ మాటకు వస్తే నిలబెట్టి తీసిన ముఖంలో భావమే ఉండదనడం కూడా సరికాదు. గెలిచినవాడు కెమెరా ముందు ఎలా కనపడాలనుకున్నాడో అందులో తెలుస్తుంది. ఛాతీ ఎంత విరిచాడు, పక్కవాడికి ఎంత దూరంగా నిలబడ్డాడు, కర్ర భుజాన పెట్టాడా, నేలకు ఆనించాడా అన్నది చూస్తే మనిషి కొంత అర్థమవుతాడు. ఊళ్లో పెళ్లి ఫొటోలో ఎవరు ముందు వరసలో కుర్చీ వేసుకున్నారో చూసి ఇంటి సంగతులు చెప్పగల పెద్దమ్మలకు ఈ విద్య బాగా తెలుసు.

నెక్కొండ అడవిలో పులి

దీన్‌దయాళ్ పేరు చెప్పగానే గుర్తుకొచ్చే ఫొటోల్లో ఒకటి వరంగల్ జిల్లాలో తీసినది. 1902లో వైస్రాయి లార్డ్ కర్జన్ హైదరాబాదు వచ్చారు. ఆయన రాక వెనక బేరార్ వ్యవహారం ఉంది. పత్తి పండే బేరార్ సీమను శాశ్వతంగా ఇంగ్లీషువారి చేతికి వదలాలని నిజాంను ఒప్పించడం ఆయన పని. ఏడాదికి 25 లక్షల రూపాయల కౌలు మీద ఆ సంవత్సరమే ఒడంబడిక కుదిరింది. నిజాం రాజ్యానికి ఆ సీమ మళ్లీ తిరిగి రాలేదు.

ఆ పర్యటనలోనే వైస్రాయికి పులి వేట ఏర్పాటు చేశారు. సికిందరాబాదు నుంచి బెజవాడ పోయే రైలు దారి 1889 నాటికే పూర్తయింది. ఆ దారిలో నెక్కొండ దగ్గర విడిది వేశారు. అటు పక్కనే పాఖాల అడవి. దొర గారికి పులి దొరికింది. కర్జన్, ఆయన భార్య మేరీ నిలబడి ఉండగా, కాళ్ల దగ్గర చచ్చిన పులి ఉన్న ఫొటో దీన్‌దయాళ్ సంస్థ తీసింది. అది ప్రపంచమంతా తిరిగింది. ఇంగ్లీషు దొరతనం ఎలా ఉండేదో చెప్పడానికి ఇప్పటికీ పుస్తకాల్లో ఆ ఫొటోనే వేస్తుంటారు.

అంతకు ముందు 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ కూడా హైదరాబాదుకు అతిథిగా వచ్చి పులి వేట ఆడారు. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత 1914లో సరయేవో నగరంలో ఆయన్నే ఒకడు కాల్చి చంపడంతో మొదటి ప్రపంచ యుద్ధం రాజుకుంది. తెలంగాణ అడవిలో తుపాకి పట్టి తిరిగిన మనిషి చివరకు తుపాకికే బలయ్యాడు.

వేట ఫొటోలను శ్రద్ధగా చూస్తే ఒక పద్ధతి ఉంటుంది. పులి తల కొంచెం ఎత్తి, బతికున్నట్లు కనపడేలా సర్దుతారు. దొర బట్టలు నలగవు. ముఖంలో ఆయాసం ఉండదు. పులి మీద పడుతుందేమోనన్న భయం, గురి కుదిరిన సంతోషం, చేయి వణుకు అన్నీ అప్పటికి సర్దుకుపోయి ఉంటాయి. ఫొటోకు మిగిలేది పెద్దరికం ఒక్కటే.

మరి ఆ వేటలో పరుగెత్తినది ఎవరు? దొర మంచె మీదనో, ఏనుగు మీదనో ఉంటాడు. పులి తనంతట తాను వచ్చి తుపాకి ముందు నిలబడదు. అడవికి మూడు పక్కల నుంచి వందలాది మంది డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ, కట్టెలతో పొదలు బాదుతూ పులిని మంచె వైపు తోలాలి. చేతిలో తుపాకి లేనిది వీళ్లకే. తోకమట్ట తొక్కిన పులి వెనక్కి తిరిగితే ముందు దొరికేదీ వీళ్లే. నిజాం రాజ్యంలో దొరలు, అధికారులు వేటకు వస్తే ఊళ్లలో జనాన్ని వెట్టికి పిలవడం ఆనవాయితీ. పటేలు కబురు పంపితే పొలం పని వదిలి పోవలసిందే. కోడి, మేక, పాలు, గడ్డి, కట్టెలు కూడా ఊరే సమకూర్చాలి. అప్పట్లో కొడిమ్యాల ప్రాంతం ఎలగందల జిల్లా కింద ఉండేది. అడవి అంచున ఉన్న పల్లెలకు ఈ వెట్టి ఎంత బరువో ముసలివాళ్లు తమ తాతల నోట విన్నారు.

ఫొటో కింద వేటగాడి పేరు, అతిథుల పేర్లు, ఊరి పేరు, తేదీ వేసేవారు. తోలినవాళ్ల పేర్లు వేసే రివాజు లేదు. ఈ తప్పు దీన్‌దయాళ్ ఒక్కరిదే అనడం న్యాయం కాదు. ఫొటోకు డబ్బు కట్టేవారు ఎవరో ఫొటో వారిదే అవుతుంది. ఆయన వ్యాపారి, పైగా కొలువులో ఉన్న మనిషి. కానీ నాటి ఆటలో, వేటలో నిజంగా గుండె దడదడలాడిన ముఖాలు ఏవని అడిగితే అవి చట్రానికి బయటే ఉండిపోయాయని ఒప్పుకోవాలి.

కరువు ముఖాలు

అదే సంస్థ మరో రకం ముఖాలను కూడా తీసింది. 1899-1900లో పెద్ద కరువు వచ్చింది. నిజాం రాజ్యంలో ఔరంగాబాదు వైపు జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. సర్కారు పెట్టిన సహాయ పనులను చూపించేందుకు దీన్‌దయాళ్ ఫొటోలు తీశారు. ఆ పని ఉద్దేశం సర్కారు చేసిన మేలు చాటడమే. అయినా గాజు పలక అన్నిటినీ పట్టుకుంటుంది. ఎముకలు తేలిన పిల్లలకు, గంజి కోసం కూర్చున్న తల్లులకు కెమెరా ముందు ఎలా కనపడాలన్న ధ్యాస ఎక్కడిది? పోలో జట్టు కష్టపడి దాచుకున్నది వీళ్ల ముఖాల్లో దాపరికం లేకుండా ఉంది. రాజాల ఫొటోలు తీయడంలో ఆరితేరిన చెయ్యి ఇక్కడ తీసిన పనే ఎక్కువ కాలం మనసును పట్టి ఉంచుతుంది.

గాజు పలకలకు పట్టిన గతి

1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో దీన్‌దయాళ్ ఫొటోలు పెట్టారు. 1897లో విక్టోరియా రాణి తన ఫొటోగ్రాఫర్‌గా ఆయనకు అధికార పత్రం ఇచ్చారు. 1905 జూలై 5న ఆయన కన్నుమూశారు. ఎలగందల నుంచి జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారినదీ ఆ సంవత్సరమే. నిజాం మహబూబ్ అలీఖాన్ 1911లో పోయారు. ఆదరించే కొలువు మారాక, చేతి కెమెరాలు వచ్చాక పాత వైభవం క్రమంగా తగ్గింది. గాజు పలకలు మాత్రం కుటుంబం దగ్గర పెట్టెల్లో ఉండిపోయాయి. గాజును దాచడం ధాన్యం దాచినంత సులువు కాదు. తేమ తగిలితే పైపూత లేస్తుంది, ఒకదాని మీద ఒకటి పెడితే పగులుతుంది. ఎంతోమంది ఫొటోగ్రాఫర్ల పలకలు అలాగే పాడయ్యాయి. కొన్నిచోట్ల మందు గీకేసి గాజును కిటికీలకు వాడుకున్నారు కూడా.

దీన్‌దయాళ్ పలకల అదృష్టం బాగుంది. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 గాజు నెగటివ్‌లను కొనుగోలు చేసింది. 2006లో తపాలా శాఖ ఆయన బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. నెక్కొండలో ఇప్పటికీ రైలు ఆగుతుంది. వైస్రాయి విడిది వేసిన ఆ పక్కన పాఖాల చెరువు, దాని చుట్టూ అభయారణ్యం ఉన్నాయి. అందులో తుపాకి పట్టుకుని తిరగడం నేరం. దేశమంతటా పులి వేటను నిషేధించిన చట్టం 1972లో వచ్చింది.